కొట్టం మీద ఏ రేకు?

మామది ఉట్నూరు అవతల, పత్తి చేల నడుమ ఊరు. అల్లుడికి కరీంనగర్‌లో వెల్డింగు షాపు ఉంది. ట్రస్సులు, గేట్లు, రేకుల షెడ్లు అతని పని. మామ ఒకే కప్పు కింద మూడు కట్టుకోవాలనుకుంటున్నాడు: గొడ్లకు కొట్టం, పత్తి పోసుకునే అర్ర, పంట కాలంలో పడుకోవడానికి ఒక చిన్న గది. ఆ కప్పు తట్టుకోవలసినవి చూస్తే, మే నెలలో 45 డిగ్రీల ఎండ, డిసెంబరు, జనవరి పొద్దుల్లో 5 డిగ్రీలకు దిగే చలి, మార్చి, ఏప్రిల్‌లలో రాళ్లవాన, దాని వెంట గాలిదుమారం, ఆపైన జులై ముసురు. ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టడం ఈ సంవాదం కోసం నేను చేసిన కల్పన. వాళ్లు పట్టుకున్న పాయింట్లు మాత్రం ఉత్తర తెలంగాణలో షెడ్డు వేసుకునే ప్రతి ఇంటా వినబడేవే.

మామ: నేను సిమెంటు రేకులే తెప్పిస్తున్న. మా అయ్య కాలం నుంచి చార్మినార్ రేకులే ఎరుక మాకు. తుప్పు లేదు, వాన పడితే చెవులు పగిలే చప్పుడు లేదు, ఇనుము లెక్క కాలదు. నువ్వు ఇనుము అమ్ముకునేటోనివి కాబట్టి ఇనుమే మంచిదంటవు.

అల్లుడు: నేను ఇనుము అమ్మ మామా, అతుకుత. సిమెంటు రేకుల ఏముంటదో ఎరుకేనా? తెల్ల ఆస్‌బెస్టాస్ నార. కదలకుంట మీద పడి ఉన్నన్ని రోజులు ఏం అనదు. కోసినప్పుడు, చిల్లు పొడిచినప్పుడు, రాళ్లవానకు పగిలినప్పుడు దుమ్ము లేస్తది. ఊపిరితిత్తులల్లకు దిగిన నార మళ్ల బయటికి రాదు. అన్ని రకాల ఆస్‌బెస్టాస్ క్యాన్సర్ తెస్తదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తున్నది.

మామ: గంత విషమైతే సర్కారు ఎందుకు అమ్మనిస్తున్నది?

అల్లుడు: మన దేశంల కొత్తగ తవ్వనిస్తలేరు, రేకులు చెయ్యనిస్తున్నరు. ముడి సరుకు రష్యా, కజకిస్తాన్ దిక్కు నుంచి వస్తది. యూరప్ దేశాలు 2005లనే మొత్తం బంద్ పెట్టినయి. అమ్ముతున్నరు కాబట్టి మంచిదే అనుకుంటే గుట్కా కూడ మంచిదే కావాలె. ఆస్‌బెస్టాస్ లేని సిమెంటు రేకులు కూడ వస్తున్నయి, కాని ధర ఎక్కువ. ఇంకోటి యాది పెట్టుకో. సిమెంటు రేకు మీద పలక వేసుకోకుంట కాలు పెట్టినోడు రేకుతోని పాటు కింద పడతడు. పాత షెడ్లు రిపేరు చేసేటప్పుడు మా పిల్లలకు నేను మొదలు చెప్పేది అదే.

మామ: మరి గూన పెంకలు? మన ఇల్లు అరవై ఏండ్లు నిలబడ్డది.

అల్లుడు: కోతులు రాకముందు మామా.

ఇక్కడ మామకు జవాబు దొరకలేదు. కరీంనగర్ నుంచి ఆదిలాబాద్ దాకా ఊళ్లలో గూన పెంకలు పోయి రేకులు రావడానికి పెద్ద కారణాలలో కోతులు ఒకటి. గుంపు ఒక్కసారి కప్పు మీద పరుగెత్తితే చాలు, వాన ఇంట్లో ఉంటుంది. పెంకలు సర్దే పనివాళ్లు కూడా ఊళ్లలో తగ్గిపోయారు.

మామ: సరే, ఇనుమే అనుకుందాం. ఉట్నూరు దుకాణంల అడిగితే జీఐ అన్నడు, కలర్ కోటింగు అన్నడు, గాల్వాల్యూమ్ అన్నడు. అన్నీ 0.5 అన్నడు. ఏది తేవాలె?

అల్లుడు: ముందు ఆ 0.5 దేనిదో అడగాలె. రేకు నడుమ ఉక్కు ఉంటది, దాని రెండు దిక్కుల జింకు పూత, దాని మీద రంగు. అన్నీ కలిపి 0.5 మిల్లీమీటర్లు అంటే లోపటి ఉక్కు 0.42 దాకనే ఉంటది. కొందరు ఉక్కు మందం చెప్తరు, కొందరు రంగుతోని కలిపి చెప్తరు. ధర తక్కువ అన్నోడు రంగును కూడ కొలిచి అమ్ముతున్నట్టు లెక్క. స్క్రూ గేజి జేబుల పెట్టుకుని పో, లేకుంటే తూకం వేపించు. ఇరవై అడుగుల రేకు ఎన్ని కిలోలు తూగుతదో చూస్తే మాటలతోని పని లేదు. మంచి కంపెనీ రేకు వెనక మందం, పూత, ఉక్కు బలం అచ్చు వేసి ఉంటది. అచ్చు లేని రేకు నా షాపుకు తెస్తే నేను బిగియ్య.

మామ: పూతల ఏం తేడా?

అల్లుడు: అసలు కథ అండ్లనే ఉన్నది. జింకు పూతను చదరపు మీటరుకు ఇన్ని గ్రాములని కొలుస్తరు, రెండు దిక్కులది కలిపి. ఐఎస్ 277 అని మన స్టాండర్డు ఉన్నది, అండ్ల 120, 180, 220, 275 అని దర్జాలు. 120 అంటే ఒక్కో దిక్కు 8, 9 మైక్రాన్లు. 275 అంటే 20 దగ్గర. పల్లెటూరి గాలిల జింకు ఏడాదికి అర మైక్రాను అరుగుడు కూడ కష్టమే. అదే ఫ్యాక్టరీల నడుమ అయితే ఒకటి, రెండు మైక్రాన్లు పోతది. ఇప్పుడు నువ్వే లెక్క వెయ్యి. మీ ఊర్ల 275 రేకు నీ మనుమడు చూస్తడు. అదే రేకు రామగుండంల ఎన్టీపీసీ పొగ కింద, లేకుంటే దేవాపూర్, బసంత్‌నగర్ సిమెంటు దుమ్ముల పెడితే లెక్క వేరు. మంచుకు తడిసిన సిమెంటు దుమ్ము జింకును తింటది, అల్యూమినియంను ఇంకా తొందరగ తింటది.

మామ: అంటే గాల్వాల్యూమ్‌కు సిమెంటు పడదా?

అల్లుడు: పడదు. గాల్వాల్యూమ్ పూతల 55 వంతులు అల్యూమినియం, 43 వంతుల పైన జింకు, ఇంత సిలికాన్. వానకు, ఎండకు ఉత్త జింకు కన్న చాన రోజులు నిలబడతది. కాని సున్నం, సిమెంటు, గొడ్ల మూత్రం తగిలితే ఓర్సుకోదు. అందుకే రేకు అంచును సిమెంటు మాలుల పెట్టి పూయొద్దు.

మామ: ఎండాకాలం పైన సున్నం కొడితే సల్లగ ఉంటదని మా ఇంటిది అంటది.

అల్లుడు: సిమెంటు రేకు మీద కొట్టుకోండి, స్లాబు మీద కొట్టుకోండి. ఈ రేకు మీద మాత్రం వద్దు. 2023 ఏప్రిల్‌ల మన సర్కారు కూల్ రూఫ్ పాలసీ తెచ్చింది. సర్కారు కట్టడాలకు, పెద్ద కట్టడాలకు కప్పును సల్లగ చేసుడు తప్పనిసరి అన్నది. మనది చిన్నది, మనకు తప్పనిసరి లేదు, కాని ఆ తెలివి మనకు కూడ పనికొస్తది. ముదురు నీలి, ఎర్ర రేకులు తేకు. తెల్లదో, తెల్లకు దగ్గరిదో తే. నడెండల ముదురు రంగు రేకు మీద చెయ్యి పెట్టలేవు, తెల్ల రేకు అంత కాలదు.

మామ: తెల్లదైనా కింద మనిషి ఉడుకుడే. ఆ గదిల నేను పండుకోవాలె. ఎండ సంగతి వదిలేసినా వాన పడితే మాట ఇనబడదు.

అల్లుడు: ఆ రెండు నిజాలే, కాదన. కింద బబుల్ షీటు వేపిస్త, దాని కింద వెదురు తడక కొట్టుకో. చప్పుడు తగ్గుతది, వేడి తగ్గుతది. కాని నువ్వు అడగని ముచ్చట ఒకటున్నది, చలికాలం ముచ్చట. డిసెంబరుల రాత్రి ఆకాశం తేటగ ఉంటే రేకు గాలి కన్న ఎక్కువ సల్లబడతది. లోపటి తేమ రేకు కింద దిక్కు నీళ్లయి పట్టి, పొద్దుగాల చుక్క చుక్క కారుతది. కింద పత్తి ఉంటది. పత్తి తేమ 8 శాతం ఉంటే పత్తి కొనే సర్కారు సంస్థ సీసీఐ పూర్తి ధర కడతది. ఆపైన ప్రతి శాతానికి కోత, 12 దాటితే తీసుకోదు. ఆదిలాబాద్ మార్కెట్ ముందట బండి ఆపుకుని తేమ మిషన్ దిక్కు చూసుకుంట ఎన్నిసార్లు నిలబడ్డవో నీకే ఎరుక. వాన చుక్క పడకుంటనే పత్తి తడిసిందంటే అది ఈ రేకు పనే.

మామ తల ఊపాడు. ఆ పొద్దుటి తడి ఆయన చూసిందే, కప్పు కారుతుందనుకున్నాడు. బబుల్ షీటు గదికే కాదు, పత్తి అర్రకు కూడా కావాలని లెక్క అప్పుడే మారింది.

మామ: ఇగ అసలు ముచ్చటకు వస్త. మా దిక్కు గాలిదుమారం వస్తే సిమెంటు రేకు పగుల్తది, కాని ఉన్నకాడనే ఉంటది. ఇనుప రేకు లేచిపోతది. ఎవని చేన్ల పడతదో, ఎవని మెడ మీద పడతదో తెల్వదు. దీనికి నీ దగ్గర ఏం జవాబున్నది? మందం రేకు తేవాలంటవా?

అల్లుడు: మందంతోని ఆగదు మామా. చెప్త విను. గాలికి కట్టడాలు ఎట్ల కట్టాలెనో ఐఎస్ 875 మూడో భాగంల ఉన్నది. దాని పట్టికల హైదరాబాద్‌కు, నాగ్‌పూర్‌కు రెండింటికీ సెకనుకు 44 మీటర్ల గాలి లెక్క పెట్టిన్రు. మనం ఆ రెండింటి నడుమ ఉన్నం. గంటకు 158 కిలోమీటర్లు అన్నట్టు. అంత గాలి చదరపు మీటరు మీద 118 కిలోల దాక ఒత్తిడి పెడతది. ఇరవై అడుగుల పొడవు, మూడున్నర అడుగుల వెడల్పు రేకు ఆరున్నర చదరపు మీటర్లు అయితది. దాని బరువు ముప్పై కిలోలు కూడ ఉండదు. దాన్ని గాలి ఎత్తే బలం ఏడు వందల కిలోల పైన. నువ్వు 0.5 బదులు 0.6 తెస్తే రేకు బరువు ఆరు కిలోలు పెరుగుతది. ఏడు వందల ముందు ఆరు కిలోలు ఎంత?

మామ: మరి మా వాళ్లు రేకుల మీద బండలు పెడతరు. ఇసుక సంచులు, పాత టైర్లు.

అల్లుడు: లెక్క గదే కద. రెండు బండలు యాభై కిలోలు. దుమారం వచ్చినప్పుడు రేకుతోని పాటు బండలు కూడ లేస్తయి. అవి మీద పడ్డ మనిషి బతకడు. బండ కింద నీళ్లు నిలిచి అక్కడనే మొదలు తుప్పు పడతది. రేకును పట్టుకునేది బిగింపు. ఇరవై అయిదు స్క్రూలుంటే ఒక్కోటి ముప్పై కిలోలు మోస్తే చాలు. పది స్క్రూలు కొట్టి పోతే ఒక్కోటి డెబ్బై అయిదు మోయాలె. అది కూడ అంతట సమానంగ ఉండదు. అంచుల దగ్గర, మూలల దగ్గర, రెండు వాలులు కలిసే మోటు దగ్గర గాలి గుంజుడు నడుమ కన్న ఎక్కువ. మనోళ్లు నడుమ నాలుగు ఎక్కువ కొట్టి అంచుల తక్కువ కొడతరు, చెయ్యి అందదని. రేకు లేచేది ఎప్పుడైనా మూల నుంచే. అంచుల వెంబడి ప్రతి అలకు ఒక స్క్రూ, నడుమ అల విడిచి అల. రేకు కింద అడ్డంగ వచ్చే పర్లిన్లు కూడ అంచుల దగ్గర దగ్గరదగ్గరగ పెడత.

మామ: స్క్రూలు గంత గట్టిగుంటే ఇంకా మోసం. రేకు ఊడదు, ట్రస్సులతోని పాటు కప్పంత ఒక్కసారే లేస్తది. మా పక్క ఊర్ల కోళ్ల ఫారం అట్లనే పోయింది.

అల్లుడు: బాగ అడిగినవు. అందుకే స్తంభం కింద గుంత ఉంటది. నీకు పైపు పాతి చుట్టూ మట్టి దట్టియ్యాలని ఉంటది, పైసలు మిగుల్తయని. రెండు అడుగుల పొడవు, రెండు వెడల్పు, మూడు లోతు గుంత తవ్వి కాంక్రీటు పోస్తే ఎనిమిది వందల కిలోలు భూమిల పడ్డట్టు. గాలి స్క్రూను గుంజితే స్క్రూ పర్లిన్‌ను గుంజుతది, పర్లిన్ ట్రస్సును, ట్రస్సు స్తంభాన్ని, స్తంభం గుంతను. ఏడ కచ్చగ ఉంటే ఆడ తెగుతది. పైన కంపెనీ రేకు, కింద మట్టిల పాతిన పైపు పెట్టుకుంటే కంపెనీ ఏం చేస్తది?

మామ: అయితే గోడలు కట్టకుంట చుట్టూ కూడ రేకులే కొడదాం. మూడు దిక్కుల రేకు, ముందు దిక్కు తెరిచి. గొడ్లకు గాలి వస్తది, పైసలు మిగుల్తయి.

అల్లుడు: మామా, నువ్వు ఇప్పటి దాక చెప్పిన వాటిల అన్నిటికన్న చెడ్డది ఇదే.

మామ: ఎందుకు?

అల్లుడు: మూడు దిక్కుల మూసి ముందు తెరిస్తే, గాలి ముందు నుంచి వచ్చిందంటే బయటికి తొవ్వ దొరకదు. లోపట నిండి కప్పును కింద నుంచి పైకి దొబ్బుతది. అదే వేళకు పైన గాలి కప్పును గుంజుతుంటది. దొబ్బుడు, గుంజుడు రెండూ ఒక్క దిక్కే. ఆ స్టాండర్డులనే లెక్కలున్నయి. చుట్టూ మూసి ఉన్నదానికి లోపటి ఒత్తిడి 0.2 అయితే, పెద్దగ తెరిచి ఉన్నదానికి 0.7. మూడింతల పైన. దుమారానికి లేచిపోయిన షెడ్డు ఫొటో పేపర్ల ఎప్పుడు వచ్చినా చూడు, ఎక్కువ సార్లు మూడు దిక్కుల మూసినదే ఉంటది. మూస్తే నాలుగు దిక్కుల ముయ్యాలె, లేకుంటే ఎదురెదురుగ రెండు దిక్కుల తెరవాలె.

ఈ చోట నేను అల్లుడి పక్షం. రేకుల కంపెనీల బోర్డుల మీద రంగులు, వారంటీలు కనిపిస్తాయి గానీ, షెడ్డు నోరు ఏ దిక్కున ఉండాలో ఏ బోర్డూ చెప్పదు. రేకు పేరు అడిగే ముందు అడగవలసింది అది. 1829లో లండన్‌లో హెన్రీ పామర్ అనే ఇంజనీరు ఇనుప పలకను అలలుగా వంచి పేటెంట్ తీసుకున్నాడు. అల వల్ల పల్చటి పలకకు వంగని బలం వచ్చింది. దాదాపు రెండు వందల ఏళ్లుగా ఆ అల సరిపోతూనే ఉంది. తేలేదల్లా దాన్ని పట్టుకునే చోట.

మామ: కొట్టం ఎదురెదురు తెరుద్దాం, ఒప్పుకున్న. పత్తి అర్రకు, గదికి నాలుగు దిక్కుల గోడలు. కాని ఒకటి చెప్పు. గొడ్ల మూత్రానికి గాల్వాల్యూమ్ పడదన్నవు. మరి కొట్టం మీద ఏం వేస్తవు?

అల్లుడు: ...జింకు 275 మీద రంగు వేసింది వేద్దాం.

మామ: జింకు పడతదా?

అల్లుడు: గాల్వాల్యూమ్ కన్న నయం. కాని మూత్రం ఆవిరి దానికి కూడ మంచిది కాదు.

మామ: అగో, చూసినవా? నువ్వు చెప్పిందే నేను చెప్తున్న. గొడ్లు తిరిగే తావుల ఇనుము వద్దు. మా గొడ్లకు పెండ, మూత్రం రాత్రంత అక్కడనే. చలికాలం కింద నుంచి ఆవిరి పైకి లేస్తది, నువ్వు చెప్పిన చలికి రేకు కింద నీళ్లయితది, అది నీళ్లు కాదు, మూత్రమే. నీ 275 మా ఊరి గాలిల మనుమని దాక ఉంటదేమో, కొట్టంల నా దాక కూడ ఉండదు.

అల్లుడు: మోటు దగ్గర సందు విడిచి, చూరు పదకొండు, పన్నెండు అడుగుల ఎత్తు లేపితే ఆవిరి నిలవదు.

మామ: ఆ ఎత్తుకు దుమారం ఎక్కువ తగుల్తదని నువ్వే అంటవు రేపు. కొట్టం మీద ఆ ఆస్‌బెస్టాస్ లేని సిమెంటు రేకులే. ధర ఎక్కువైనా సరే. గోడలు నడుము ఎత్తు ఇటుక, ఆపైన ఏమీ వద్దు. వానకాలం తడక కట్టుకుంట.

అల్లుడు: సరే మామా. కాని గది దిక్కు గోడ రేకు కొట్టేకాడ కూడ భూమి నుంచి మూడు అడుగులు ఇటుక కట్టుకో. రేకు అంచు నేలకు తగలొద్దు. పెండ కుప్ప రేకుకు ఆనియ్యొద్దు.

మామ: నువ్వు గ్రైండర్‌తోని కొయ్యవు కద?

అల్లుడు: ఎవరు చెప్పిన్రు నీకు?

మామ: మీ షాపు ముందట కూర్సుంటే నిప్పురవ్వలు నా దోతి మీద పడ్డయి. అవి రేకు రంగు మీద పడితే చిన్న చిన్న తుప్పు చుక్కలు లేస్తయి. మా ఊరి స్కూల్ కప్పు చూసిన.

అల్లుడు: కత్తెర మిషన్‌తోనే కోపిస్త. నువ్వు కూడ ఒకటి చెయ్యి. రేకులు లారీ దిగినంక వానల కుప్ప పెట్టకు. ఒకదాని మీద ఒకటి తడిసి ఉంటే తెల్ల తుప్పు పడతది, కొత్త రేకు ముసలిదయితది. ఒక దిక్కు ఎత్తు పెట్టి, పైన పట్టా కప్పు. ఇంకోటి, స్క్రూ కింద రబ్బరు వాషర్ ఉంటది. అది చదునుగ కూర్చున్నంక ఆపాలె. ఇంకా బిగిస్తే రబ్బరు పిండి అయి, రెండేండ్లకు కారుతది. ఇరవై అడుగుల రేకు చలికాలం పొద్దుకు, ఎండాకాలం మధ్యాహ్నానికి నడుమ నాలుగు మిల్లీమీటర్ల పైన పొడవు మారుతది. స్క్రూ చిల్లు దగ్గర ఆ కదిలిక ఏటా రబ్బరును అరగదీస్తది.

మామ: అంటే ఏటా పైకెక్కి చూడాలె.

అల్లుడు: ఎక్కాలె. ఎక్కేముందు కరెంటు బంద్ చెయ్యాలె. రేకుకు సర్వీసు తీగ రాసుకుంటే షెడ్డంత కరెంటే. దండెం తీగ షెడ్డు స్తంభానికి కడతరు మనోళ్లు, తడి బట్టలు ఆరేసుకునే ఆడమనిషి పట్టుకుంటది. సర్వీసు తీగకు పైపు వెయ్యి, షెడ్డుకు ఎర్తింగు కొట్టు, దండెం చెట్టుకు కట్టు, తాడుతోని. ఈ మూడు చెయ్యకుంట నేను ఒక్క రేకు కూడ ఎత్త.

మామ ఒప్పుకున్నాడు. కొట్టం విషయంలో ఆయన మాటే నెగ్గింది, నా తీర్పూ అదే. పత్తి అర్ర, గది విషయంలో అల్లుడిదే: తెల్ల రంగు గాల్వాల్యూమ్, కింద బబుల్ షీటు, అంచుల్లో ఎక్కువ స్క్రూలు, స్తంభాల కింద కాంక్రీటు గుంత. ఇప్పటికే రేకుల షెడ్డు ఉన్నవాళ్లకు ఒక విన్నపం. మార్చి రాళ్లవానలు మొదలయ్యేలోగా కరెంటు ఆపి, కప్పు మీది బండలు, టైర్లు దింపండి. నాలుగు మూలల దగ్గర స్క్రూలు లెక్కపెట్టి, లేని చోట వేయించండి.